కాటా చీటీ

కాలేషా భాయ్ షెడ్డులో
నాలుగు ఇనపకాళ్ళ మీద నిలబడి ఉంది,
కింద బండి లేకుండా.
ఎవరో సినిమావాళ్ళు చేయించుకుని
అడ్వాన్సిచ్చి పోయి
మళ్ళీ ఈ కందుకూరు రోడ్డు మొహం చూడలేదంట.
పైన పావురాల రెట్ట,
లోపల ఇంకా పోని ఫెవికాల్ వాసన.

"ఇల్లా, పెట్టెనా ఇది?" అన్నాను.
"మీ పికప్పు వెనక్కొచ్చి దీని కిందకి దూరితే ఇల్లమ్మా,
దూరకపోతే పెట్టె."

మాలకొండయ్య టేపు తీశాడు.
మనుషుల్ని నమ్మడు, టేపుని నమ్ముతాడు.
చక్రాల గూడు దగ్గర మూడుసార్లు కొలిచాడు.
అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు మిగిలింది.

నేను కొలవాల్సింది నేను కొలుచుకున్నాను.
స్టవ్వు ముందు నిలబడితే తల తగల్లేదు.
పడుకుంటే నా వైపు కిటికీ లేదు.
"ఇక్కడ కొయ్యాలి భాయ్, నా తల పక్కన.
లేదంటే చెప్పు,
ఈ చీటీ పాడిన డబ్బు తీసుకెళ్ళి
అందరూ చెప్పినట్టు పేర్నమిట్ట దగ్గర స్థలం కొనుక్కుంటా."
కాలేషా నవ్వి
రేకు మీద సుద్దముక్కతో చదరం గీశాడు.

మంచం ఆరడుగులు.
పడుకుని చూడన్నా అంటే
ఆయన ఒక పక్కకి తిరిగి
మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని
మోచెయ్యి తలకింద పెట్టుకున్నాడు.
ఇరవైమూడేళ్ళు లారీ క్యాబిన్లో నిద్రపోయిన ఒళ్ళు.
చీమకుర్తి రాయి రేవుకి చేర్చి
ఇంటికొచ్చిన రాత్రుల్లో కూడా అంతే,
పరుపులో ముప్పావు నాకు వదిలేసి
అంచున, స్టీరింగేదో అడ్డమున్నట్టు.
"కాళ్ళు చాపు" అన్నాను.
కాలేషా అటు తిరిగి స్పానరు వెతుక్కున్నాడు.

పికప్పు వెనక్కొస్తోంది.
"రానీ... రానీ... ఎడమ... ఎడమంటుంటే... ఆపు!"
అరుస్తున్నది క్లీనరు కాదు, నేను.
ఆయన అద్దంలో నన్నే చూస్తూ తిప్పాడు.
నా మాటకి బండి మలుపు తిరగడం
ఇన్నేళ్ళలో అదే మొదలు.

చీమకుర్తి కాటా మీద కుర్రాడు
"అమ్మా, మీరు దిగండి" అన్నాడు.
దిగను, నన్నూ సామానులోనే రాసుకో అన్నాను.
నీళ్ళ ట్యాంకు, చిన్న సిలిండరు, సోలారు పలకలు రెండు,
బ్యాటరీ, బియ్యం, గోంగూర పచ్చడి జాడీ.

నలభై టన్నుల బండను వెనకేసుకుని
నిద్రమత్తులో గూడూరు దాటినవాడు
అరటన్ను ఇంటికి వణికాడు.
"జాడీ దించు" అన్నాడు.
"ముందు నీ రెండో స్టెప్నీ దించు" అన్నాను.
కుర్రాడు మా ఇద్దరి మొహాలూ చూసి
"ఇంకో రెండొందల కిలోలు పడతాయి సార్,
పోట్లాట కూడా ఎక్కించుకోండి" అన్నాడు.

ఆ చీటీ నా పర్సులో ఉంది.
మా ఇద్దర్నీ కలిపి ఒకే అంకెలో వేసిన కాగితం
నాకు తెలిసి అదొక్కటే.

మొదటి రాత్రి ఎంతో దూరం పోలేదు.
పాకల దాటి, సరుగుడు తోటల పక్కన.
కరెంటు స్తంభం కనపడని చోటు కావాలన్నాను.
స్తంభమైతే ఉంది, తీగల్లేవు.
సరేలే అనుకున్నాం.
కొత్త కిటికీలోంచి సముద్రం కనపడదు,
వినపడుతుంది.

రెండింటికి లేచి దిగాడు.
చీకట్లో కర్రతో టైర్లు తట్టిన చప్పుడు,
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఎక్కి, మళ్ళీ ముడుచుకున్నాడు.

నేనేమీ అనలేదీసారి.
మోకాళ్ళ మీద అరికాలు ఆనించి
మెల్లగా తోశాను.
కొంచెం కదిలింది.

పొద్దున్నే చీరాల వైపో మైపాడు వైపో
ఇంకా తేల్చుకోలేదు.
ట్యాంకులో నీళ్ళు మాత్రం
డెబ్బై లీటర్లున్నాయి.