మూడేళ్ల పరిగె

తగరపువలస వంతెన దిగువన
నెలకో ఆదివారం గోస్తనిలో దిగుతాం.
సూరప్పడిది విసురువల.
నాది స్కేలు, చిన్న త్రాసు, తడిసి ఉబ్బిన నోటుపుస్తకం.

జులైలో సగటు ముప్పై ఒక్క మిల్లీమీటర్లు.
ఆగస్టులో నలభై ఆరు.
సెప్టెంబరుకి యాభై ఏడు.
కొత్తనీరు తాగిన పరిగె పిల్ల
కిందటి నెల అంకెల్లో ఇమడనంటుంది.
తర్వాత నెమ్మదిస్తుంది.
డిసెంబరు చలికి ఒక్కో మిల్లీమీటరూ
గీసి గీసి బేరమాడి కొంటుంది.

ఒడ్డున గంప దించి నూకరత్నం
ఒక పరిగెను అరచేతిలో పడుకోబెట్టి
"ఇది మూడేళ్లది బాబూ" అంది.
వయసనుకున్నాను. రాసుకున్నాను.
ఆవిడ నవ్వి, నా పెన్సిలాపి,
మూడు వేళ్లు చేప పక్కన ఆనించింది.
"సమచ్చరాలు కాదు నాయినా, ఏళ్లు!
రెండేళ్లది ఇగురుకి, మూడేళ్లది పులుసుకి,
ఏలెడు లేనిది ఏటికే ఒగ్గీడం."
ఆ వేళ్లనీ కొలిచాను.
జెల్లముల్లు గుచ్చిన మచ్చతో సహా యాభై మూడు.

రాత్రి చినవాల్తేరు గదిలో
మైక్రోస్కోపు కింద ఒక పొలుసు.
వానాకాలపు వలయాలు ఎడమెడంగా,
వేసవివి రేషను క్యూలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ.
ఒకచోట గీతే తెగింది.
ఇసుక ట్రాక్టర్లు ఏటి నడుమ దాకా వచ్చిన ఏప్రిల్ అదేనని
నేననుకుంటాను.
పొలుసు ఏమీ అనదు.

సూత్రంలో ఒక అక్షరం ఉంది,
చేప ఎప్పటికీ చేరని పొడవు.
దాని పక్కన అనంతం గుర్తు, పడుకున్న ఎనిమిది.
తెల్లారగట్ల లెక్క తేలింది: తొంభై ఆరు మిల్లీమీటర్లు.
ఈ ఏటి అనంతం
నా అరచేతిలో పట్టేసింది.

"గరిష్ఠ వయసెంత?" అడిగారు గైడు.
"మూడేళ్లు" అన్నాను.
ఏ ఏళ్లో చెప్పలేదు.

మార్చిలో వల ఖాళీగా వచ్చింది.
ఏప్రిల్లో వల తడవనేలేదు.
సూరప్పడు పెట్రోలు బంకులో పనికి కుదిరాడు.
పట్టికలో గళ్లు వదిలేశాను.
గ్రాఫు మాత్రం ఆగలేదు.
ఫిబ్రవరి చుక్క నుంచి, మళ్లీ వానపడ్డ నెల చుక్క దాకా
నా పెన్సిలు ఎండిన ఇసుక మీద
ఒక్కర్తే నడిచి వెళ్లింది.

ఆ జులైలో మొదటి పరిగె దొరికింది.
స్కేలు సంచిలోనే ఉంది.
పక్కన నా చిటికెనవేలు పెట్టి చూశాను.
అంత కూడా లేదు.
ఒగ్గీసేను.