గోరువెచ్చన

మోస్త్ పట్టణ ఆసుపత్రి, నేలమాళిగ, జనవరి.
రాత్రి డ్యూటీలో మేమిద్దరం:
ముప్ఫయ్యేళ్ళుగా శవాలకు స్నానం చేయిస్తున్న జ్దిస్లావా,
మూడు వారాలుగా నేర్చుకుంటున్న నేను.
బల్ల మీద గేజా.
రైల్వే షెడ్డు వెనక దొరికాడు.
గోళ్ళ కింద బొగ్గు, జేబులో నలిగిన బస్సు టికెట్టు.
నా మనిషంటూ ఎవరూ రాలేదు.

ఆమె కుళాయి తిప్పి, వేలు పెట్టి, ఆగింది.
"చన్నీళ్ళు. వేడి రానీ."
చచ్చినవాడికి చలేమిటి, అన్నాను.
వినపడనట్టే నిలబడింది
మూడంతస్తుల పైనుంచి
గొంతు సవరించుకుంటూ పైపుల్లో వేడి దిగొచ్చేదాకా.

నేను మొరావియా పల్లెవాణ్ణి. మెడలో సిలువ.
మనిషిలో దేవుడి పోలిక ఉంటుందనీ
అందుకే మనిషిని ముట్టుకునేటప్పుడు
చెయ్యి కాస్త వణకాలనీ మా అమ్మమ్మ చెప్పేది.
ఈమెకి దేవుడు లేడు.
ఉన్నాడేమోనన్న అనుమానమైనా లేదు.
"మరి మీ మర్యాదంతా దేని మీద నిలబడింది?
పునాది ఏది?"

"మా నాన్న ఒతాకర్ ఇక్కడి చర్చిని కదిపినవాళ్ళలో ఒకడు.
కింద బొగ్గుందని పాత ఊరంతా కూల్చేశారు.
చర్చి ఒక్కదాన్ని అడుగు నుంచి కోసి పట్టాలెక్కించారు.
నిమిషానికి రెండు సెంటీమీటర్లు.
ఎక్కడ ఒరుగుతుందోనని
నెల్లాళ్ళు నాన్న ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు.
నమ్మినవాడు కాదు. రోజూ గడ్డం గీసుకుని వెళ్ళేవాడు.
ఆ నెల దానికి పునాది లేదయ్యా.
కాపలా ఉంది."

"కాపలావాళ్ళు నిద్రపోతే?"

"పోయారుగా," అంది,
గేజా పక్కటెముకల వైపు చూపు తిప్పి.

వాళ్ళని ఊరవతలకి నెట్టినవాళ్ళలో
ఆదివారం మోకరిల్లేవాళ్ళూ ఉన్నారు,
మోకరిల్లనివాళ్ళూ ఉన్నారు.
నెట్టేటప్పుడు ఎవరి చెయ్యీ వణకలేదు.
గోడ మీద అద్దం వెనక రోగి హక్కుల పత్రం,
తేమకి ఓ మూల ఉబ్బింది.
పదకొండు అంకెలు. చదివాను.
ఊపిరి ఆగినవాడికి అందులో ఒక్కటీ లేదు.

తొట్టి నిండింది.
"మోచెయ్యి ముంచి చూడు," అంది.
"పసిబిడ్డకి చూసినట్టు."

ముంచాను.
నాకు గుర్తులేని ఏదో ఒక సాయంత్రం
నా కోసం ఎవరో ఇలాగే వంగి ఉంటారు.
అప్పటికి నేను ఏ ప్రార్థనా నేర్వలేదు,
ఏ అర్హతా సంపాదించలేదు.

ప్రశ్న ఇంకా నోట్లోనే ఉంది.
"కొంచెం ఎక్కువ కాలుతోంది," అన్నాను,
"ఇంకో చెంబు చన్నీళ్ళు కలపాలి."