బర్బా

మా ఇంట్లో ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి ఉంది.
కెప్టెన్ కుర్చీ అంటారు.
ఒక కాలు పొట్టి, కింద పాత ఓటు చీటీ మడిచి పెట్టాం.
స్తియెపో కలఫాతొవిచ్, మా ముత్తాత,
రాళ్ళూ ద్రాక్షతీగలూ తప్ప ఏమీ పండని అడ్రియాటిక్ ఒడ్డు నుంచి
ఈ పుంతా అరేనాస్ దాకా, భూమి అయిపోయే చోటు దాకా
ఓడ నడుపుకుంటూ వచ్చాడని
మాకు ఉగ్గుతో పాటు పోసిన మాట.

అమ్మ పోయాక పెట్టెలు సర్దుతూ మొదలుపెట్టాను.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
నేను లాగిన తీగ తెగి చేతికొచ్చింది.
రేవు కచేరీలో ఆ ఇంటిపేరే లేదు.
చర్చి పుస్తకంలో ఎస్తేబాన్ కలాఫా.
పెళ్ళి కాగితంలో కలాఫతే.
గుమాస్తాకి చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి,
చివరి అక్షరాలు వదిలేసి పొయ్యి దగ్గరికి పోయి ఉంటాడు.
అలా మిగిలిన ముక్కే ఇప్పుడు మా ఇంటిపేరు.

చివరికి ఓడ పేరు దొరికింది, సిబ్బంది పట్టీ దొరికింది.
వేలు పెట్టి పైనుంచి చదివాను.
కెప్టెన్: వ్లాహో. అదే ఇంటిపేరు. యాభై ఆరేళ్ళు.
మా ముత్తాత ఎక్కడో కింద.
రెండో సహాయకుడు. ఇరవై మూడు.

ఆ రాత్రి కుర్చీ వైపు చూడలేదు.

పెట్టె అడుగున పదకొండు ఉత్తరాలు.
ఆ భాష మాలో ఎవరికీ ముక్క రాదు.
పై వీధిలో తోంకా అని తొంభై ఏళ్ళావిడ,
ఒక్కో మాటా నాలుక మీద వేసుకుని
ఉప్పు సరిపోయిందా అని చూస్తున్నట్టు చదివింది.
అన్నిటిలో అదే: బర్బా ఎలా ఉన్నాడు? ఎందుకు రాయడు?

బర్బా అంటే గెడ్డం కదా, అన్నాను. మా స్పానిష్‌లో అంతే.
ఆవిడ నవ్వింది. మా వైపు బాబాయిని బర్బా అంటాం.
కాసేపాగి, ఓడ కెప్టెన్ని కూడా, అంది.
మరి ఇందులో ఏది?
కాగితం తిరగేసింది. కింద సంతకం: నీ పిన్ని, లూత్సె.
రెండూనే, పిల్లా.

ఆనాటి పత్రికలో నాలుగు వరసలు, గొర్రెల ధర పక్కన.
హార్న్ అగ్రం దగ్గర కెప్టెన్ జ్వరంతో పోయాడు.
మొదటి సహాయకుణ్ణి అల పట్టుకుపోయింది.
రెండోవాడు ఓడని జలసంధిలోకి తెచ్చాడు.
పంతొమ్మిది రోజులు.
మా ముత్తాత కెప్టెన్‌గిరీ అంతే.
బాబాయిని తెరచాప గుడ్డలో కుట్టమన్నదీ,
పలక ఎత్తి జార్చమన్నదీ అతనే.
ఆ ఓడ మీద ఆ మాట చెప్పడానికి ఇంకెవరూ లేరు.

దిగాక మళ్ళీ ఎక్కలేదు.
చిలోయె దీవి పిల్ల రొసాలియా బర్రియాని చేసుకుని
ముప్పై ఏళ్ళు ఉన్ని మూటలు తూచాడు.
పిన్నికి ఒక్క జవాబూ రాసినట్టు లేదు.
ఓడ యజమానులు ఆమెకి చెప్పలేదో,
చెప్పినా నమ్మలేదో.
ఉత్తరాలు మాత్రం మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి,
ఒక్కసారి విప్పితే అలా చిరగవు.

పెద్దకొడుక్కి బ్లాస్ అని పెట్టాడు.
వ్లాహో అన్నా అదే, ఇక్కడి నాలుకకి.
అప్పట్నుంచి తరానికో బ్లాస్.
ఇప్పటి బ్లాస్ మా తమ్ముడు, మంచు తోసే బండి నడుపుతాడు,
జలసంధి దాటే పడవెక్కితే అవతలి ఒడ్డు దాకా వాంతులే.

సమాధి మీద గాలికి అక్షరాలు అరిగాయి.
చెక్కేవాడు అక్షరానికింతని లెక్క కట్టాడు.
కపితాన్ అంటే ఏడు,
పైన గీతకి డబ్బులొద్దులే, అన్నాడు.
అయిదు చాలన్నాను. రాసిచ్చాను.
బాబాయికి ఎక్కడా రాయి లేదు.

కాగితం ఎగిరిపోకుండా బూటుకింద తొక్కిపెట్టి
వంగి చదివాడు.
గెడ్డమా? అన్నాడు.
ఉన్న ఒక్క ఫొటోలో మా ముత్తాత చెంపలు నున్నగా ఉంటాయి.

ఆ, గెడ్డమే, అన్నాడు మా తమ్ముడు.
చెక్కు.