ముల్లు

మూడో నెల. చిత్తూరు ఆస్పత్రి, పదకొండో నంబరు గది.
కాగితం మీద పన్నెండు ప్రశ్నలు,
ఎదురుగా మునెప్ప,
ముప్పై ఏళ్లు బెల్లం మండీలో కాటా పట్టిన మనిషి.

"సాక్సు తొడుక్కోగలవా?"
"ఎప్పుడు తొడిగితిని పాపా, ఇప్పుడు తొడిగేదానికి!"
సున్నా వెయ్యాలా, నాలుగా?
ఖాళీగా వదిలేశాను.

పోయినసారి ఇరవై ఒకటి, ఈసారి ముప్పైమూడు.
"పన్నెండు పెరిగింది" అన్నాను సంబరంగా.
ఆయన నా పెన్ను వంక అనుమానంగా చూశాడు.
"ముల్లు ఊగితే తూకం కాదు పాపా.
గాలికీ ఊగుతాది, ఈగ వాలినా ఊగుతాది.
రవంత ఆగి చూడల్ల,
దిమ్మె పెట్టినాక నిజంగా మొగ్గిందా అని."

ఏం దిమ్మె? అడిగాను.

కర్ర గోడకానించి, తుంటి తడుముకుని,
గొంతు తగ్గించాడు:
"రేత్రి నిద్దట్లో
ఎడం పక్కకు ఒత్తిగిల్లినానంట.
నాకు తెలీనే తెలీదు.
పొద్దున కాఫీ ఇస్తా మా కుప్పమ్మ చెప్పింది.
చెప్పి, ఎందుకో ఏడ్చింది."

దానికి నా కాగితంలో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను:
ఎడమ పక్క. నిద్రలో. తనకు తెలియకుండా.

"ఎంత వేస్తివి?" అని వంగి చూశాడు,
తూకం చీటీ చూసే కళ్లతో.