పద్దెనిమిది

స్ప్రింగ్‌డేల్‌లో కోళ్ల ఫ్యాక్టరీ షిఫ్టు దిగొచ్చి
చేతులు ఆరకముందే కవరు చింపింది హెర్టీనా.
జీతం నెలకి నలభై డాలర్లు పెరిగిందట,
అందుకని పిల్లాడి ఆరోగ్య కార్డు ఇక చెల్లదట.
ఆ నలభై,
ఆదివారాలు కూడా రెక్కలు కోస్తే వచ్చినవి.

ఆఫీసుకి ఫోన్ చేస్తే
గంటన్నర పియానో, తర్వాత ఏమీ లేదు.

ఇన్‌హేలర్ వెనక బుల్లి కిటికీలో అంకె: పద్దెనిమిది.
జెల్టన్‌కి తొమ్మిదేళ్లు, లెక్కలు బాగా వచ్చు.
రాత్రి పిల్లికూతలు మొదలయ్యాక లేచి కూర్చుని
"తాత మన దీవుల్లో, నీళ్ల కింద,
ఎంతసేపు ఊపిరి బిగబట్టేవాడమ్మా?" అని అడిగాడు.

చెప్పింది. చెబుతూనే నిద్రపోయింది.

పొద్దున చూస్తే
తలగడ తడిసి ఉంది.
కిటికీలో ఇంకా పద్దెనిమిదే.