ఎనిమిది మార్కుల ప్రశ్న

"సూయజ్ కాలువ మూతపడితే
ప్రపంచ వాణిజ్యంపై పడే ప్రభావాన్ని విశ్లేషించండి."

ఒంగోలు స్పాట్ వాల్యుయేషన్. ముప్పై రెండో పేపరు.
కీలో నాలుగు పాయింట్లు: దూరం, డీజిలు, బీమా, ఆలస్యం.
ఇప్పటిదాకా అందరూ ఆఫ్రికా చుట్టి వచ్చారు,
ఒకే గైడు, ఒకే కామాలు.

ఈ పిల్ల చీమకుర్తిలో మొదలుపెట్టింది.

"మా నాయన కోసిన రాయి ఇటలీ పోవాలి.
ఓడ రాలేదని క్వారీలో పదకొండు రోజులు పని ఆపారు.
రాయి ఎండలో ఉంది, నాయన నీడలో ఉన్నాడు.
అంగట్లో మా పద్దు రెండో పేజీకి పోయింది.
కావున సూయజ్ కాలువ
మా వీధి చివర ఉన్నదని చెప్పవచ్చును."

కింద పటం.
ఎర్రసముద్రం వంకర. గుడ్ హోప్ అగ్రం అసలు లేనే లేదు.
క్వారీ గుంట మాత్రం
దిగి కొలిచినట్టు, మెట్టు మెట్టుగా,
అంచున అగ్గిపుల్లంత మనిషి.

కీలో ఈ పాయింటు లేదు.
ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
ఏడు వేశాను.
పటానికి ఒకటి కొయ్యక తప్పలేదు.

టీ వచ్చింది.
కిటికీ గట్టు మీద గ్లాసు పెట్టబోయి చూశాను:
నల్లరాయి, లోపల వెండి చుక్కలు,
ఒక మూల పెచ్చు లేచి
ఏ ఓడా ఎక్కని ముక్క.