ఇరవయ్యో ఎత్తు

అజ్మాన్‌లో ఒక బడి హాలు బయట
మెట్ల మీద కూర్చున్న ఇందుజ ఏడవలేదు.
ఏడుస్తుందేమోనని జేబురుమాలు
రెండుసార్లు మడతపెట్టి పట్టుకున్నాను.
నా చెమటకే తడిసింది అది.

ఎనిమిదేళ్లు. మూడో రౌండు.
"బాలమేధావి" అని పోయిన నెల ఎవరో పేపర్లో రాస్తే
ఆ ముక్క కత్తిరించి, పని చేసే క్లినిక్కులో
బీపీ మిషను మీద అంటించుకుంది వాళ్లమ్మ.
ఆవిడ వీసా మీదే మేమిద్దరం ఇక్కడున్నది.
ఏమని మెసేజ్ పెట్టాలో తోచక
"ఇంకా ఆడుతోంది" అని పెట్టాను.

అబద్ధమేం కాదు.
ఓడించిన పిల్లాడిని కూర్చోబెట్టుకుని
మళ్లీ పావులు పేరుస్తోంది.

పళ్లకి తీగ కట్టించుకున్న యామన్
"ఇక్కడ నీ ఫీల్" అని వేలు పెట్టాడు.
ఫీల్ అంటే వాళ్లకి ఏనుగు,
ఏటవాలుగా నడిచే ఏనుగు.
మా ఏనుగు మూలన ఉంటుంది, తిన్నగా పోతుంది.
వాడు చూపించేది మా శకటాన్ని.
కాసేపు ఇద్దరూ ఒకరి ఏనుగుని ఒకరు వెతుక్కున్నారు.
"వజీర్" అన్నప్పుడు మాత్రం
"మంత్రి" అని ఇది తలూపింది.
కోచ్ ఇంగ్లీషులో రాణి అని పిలిచేదాన్ని
ఇద్దరూ ఒక్కమాట మీద మంత్రిని చేసేశారు.

తప్పు చూడ్డానికి చిన్నదే.
పందొమ్మిదో ఎత్తు.
అంచు గడిలో కాపలా లేని బంటు.
శకటం వెళ్లి తిన్నది.
పక్కనున్న బంటు ఒక్కడుగు వేసింది,
తలుపు పడింది.

ఊరికే దొరికిందాన్ని వదలొద్దని
నేర్పింది నేనే.
కోచ్ రాకముందు, వంటగది టైల్స్ మీద, సీసా మూతలతో.
ఊరికే ఇప్పిస్తానన్న వీసాకి
ఏజెంటు నా దగ్గర ఎంత లాగాడో
ఆ పాఠంలో చెప్పలేదు.

వాళ్ల నాన్న పిలిస్తే యామన్ లేచి వెళ్లాడు.
అప్పుడు నా వైపు తిరిగింది.
"నాన్నా, ట్యాంకరు ఇసుకల దిగవడితే ఏం చేస్తవ్?"
"టైర్లల్ల గాలి తీస్త."
"అయినా రాకపోతే?"
"వచ్చిన జాడలనే ఎనక్కి పోత."
"జాడ మూసుకపోతే?"

చెప్పాలా వద్దా అనుకున్నాను.

ఉమ్ అల్ క్వైన్ దాటాక, ఒక మధ్యాహ్నం,
రెండు గంటలు తొక్కాను.
తొక్కిన ప్రతిసారీ చక్రం ఇంకాస్త లోపలికి.
చివరికి వాల్వు తిప్పి
ఐదువేల గ్యాలన్ల మంచినీళ్లు ఇసుకకి పోశాను.
నేను చూస్తుండగానే తాగేసింది.
బండి తేలింది. జీతంలో కోశారు.
ఆ నెల ఇంటికి తక్కువెందుకు తెచ్చానో
ఏదో చెప్పాను, ఏం చెప్పానో మరిచిపోయాను.

"నీళ్లు ఇడిసిపెట్టిన."

చాలాసేపు బల్లనే చూసింది.
తర్వాత శకటంతో ఆ పక్క బంటుని కూడా కొట్టి
శకటాన్ని ఎవరూ లేని ఎదుటి వైపుకి ఇచ్చేసింది.
పోయింది ఒకటి, వచ్చినవి రెండు బంట్లు.
ఆట మిగిలింది.

హాల్లో మాత్రం పద్నాలుగు నిమిషాలు
దాన్ని బయటికి లాగాలనే కూర్చుంది.
గడియారం తింటూ ఉంటే
ఎదుటి రాజు తాపీగా నడిచొచ్చి
ఒట్టి చేత్తో తీసుకుపోయాడు.

స్కోరుషీటు మడత విప్పి
పందొమ్మిది పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది.
ఇరవై పక్కన రెండు.
పెన్సిలు నాకిచ్చింది,
నేనేమైనా రాస్తానేమోనని.

నాలుగున్నరకి నాలుగో రౌండు.
డబ్బా మూత తీస్తే నిమ్మకాయ పులిహోర,
పల్లీలన్నీ ముందు ఏరుకుని తినేసింది.
"అమ్మకు ఓడిపోయిన అని పెట్టు," అంది.
"ఏ ఎత్తు కాడనో గూడ రాయి."